డిస్కా, డౌన్‌లోడా, క్లౌడా: ఆట ఎవరి దగ్గర ఉంటే మేలు?

కొన్నేళ్ల కిందట సగంలో వదిలేసిన ఒక గేమ్‌ను ఈమధ్య మళ్లీ ఆడదామని చూస్తే, నేను నెలనెలా చందా కడుతున్న సర్వీసు జాబితాలో అది కనిపించలేదు. నేను ఎక్కడ ఆగానో గుర్తుంచుకునే సేవ్ ఫైలు మాత్రం భద్రంగా ఉంది. దాన్ని తెరవడానికి కావలసిన ఆటే లేదు. అదే వారంలో అంతకన్నా పాతదైన మరో గేమ్ డిస్కును సొరుగులోంచి తీసి, గేమ్‌లు ఆడే యంత్రమైన కన్సోల్‌లో పెడితే, కాసేపు గరగరలాడి, ఆ తర్వాత ఏ పేచీ లేకుండా నడిచింది. అప్పటి నుంచి డిస్కు, డౌన్‌లోడ్, క్లౌడ్ అనే మూడింటిలో ఏది మేలన్న ప్రశ్న వచ్చినప్పుడు, కొనే రోజున ఏది సుఖమని కాక, ఐదారేళ్ల తర్వాత మళ్లీ ఆడాలనిపించిన రోజున ఏది మిగిలి ఉంటుందని చూడడం అలవాటు చేసుకున్నాను.

కొనే రోజున క్లౌడ్‌కు ఎదురు లేదని ముందే ఒప్పుకోవాలి. ఈ పద్ధతిలో ఆట మన యంత్రంలో కాక ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న సర్వర్‌లో నడుస్తుంది. మన తెరకు వచ్చేది వీడియో మాత్రమే, మన వైపు నుంచి వెళ్లేది ఏ బటన్ ఎప్పుడు నొక్కామన్న కబురు మాత్రమే. అందువల్ల ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది, గేమ్ దిగేదాకా ఎదురుచూడవలసిన పని కూడా లేదు. ఆ ఎదురుచూపు చిన్నదేమీ కాదు: 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్ల) కనెక్షన్ పూర్తి వేగంతో పనిచేసినా 100 జీబీ గేమ్ దిగడానికి సుమారు 2 గంటల 13 నిమిషాలు పడుతుంది, ఇంట్లో మరొకరు సినిమా చూస్తూ ఉంటే ఇంకా పొడుగవుతుంది. రోజంతా పనిచేసి, పడుకునే ముందు ఒక గంట మాత్రమే ఆడుకునే వారికి ఈ తేడా చాలా పెద్దది.

అయితే డౌన్‌లోడ్ లేదు కాబట్టి డేటా ఆదా అవుతుందని అనుకుంటే పొరపాటు. క్లౌడ్ వీడియో 20 ఎంబీపీఎస్ వేగంతో వస్తోందనుకుందాం. గంటకు 9 జీబీ ఖర్చవుతుంది. అంటే పదకొండు గంటలు ఆడేసరికి, ఒక్కసారి దించుకుంటే సరిపోయే 100 జీబీ దాదాపు కరిగిపోతుంది. అరవై గంటల కథ ఉన్న గేమ్‌ను పూర్తిగా ఇలాగే ఆడితే లెక్క 540 జీబీకి చేరుతుంది. డేటాకు నెలవారీ పరిమితి ఉన్న కనెక్షన్‌తో ఆడేవారు చందా రుసుముకన్నా ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఇక ఆలస్యం సంగతి. కాంతి ఆప్టికల్ ఫైబర్‌లో సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. సర్వర్ 1,000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు పడుతుంది, ఆ ఫైబర్‌లో దాన్ని అంతకన్నా తగ్గించడం కుదరదు. దారిలోని రౌటర్లు, ఇంట్లోని వైఫై, వీడియోను కుదించి పంపడానికీ తిరిగి విప్పడానికీ పట్టే కాలం దానికి తోడవుతాయి. సెకనుకు 60 ఫ్రేములు, అంటే 60 బొమ్మలు చూపే గేమ్‌లో ఒక్కో ఫ్రేము నిలిచేది సుమారు 16.7 మిల్లీసెకన్లే కనుక, ఆలస్యం పెరిగినకొద్దీ తెర మన చేతికన్నా రెండు మూడు ఫ్రేములు వెనకబడిపోతుంది. ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌లలో నెట్‌వర్క్ ఆలస్యం ఎప్పటినుంచో ఉన్నదే కదా అని కొందరు అడుగుతారు. ఉన్నమాట నిజమే కానీ, సాధారణంగా అక్కడ ఆట మన యంత్రంలోనే నడుస్తూ, మన పాత్ర కదలికను సర్వర్ జవాబు కోసం ఆగకుండా ముందే చూపించేస్తుంది. తేడా వస్తే తర్వాత సర్దుకుంటుంది. క్లౌడ్‌లో మన పాత్ర అడుగు వేయడం కూడా సర్వర్ నుంచి బొమ్మగా రావలసిందే. పజిళ్లు, వంతులవారీగా సాగే వ్యూహపు ఆటలు దీన్ని పట్టించుకోవు. గెంతుతూ గోతులు దాటే ఆటల్లో మాత్రం నేను నొక్కిన గెంతు గోతిలో పడ్డాకే తెర మీదికి వచ్చిన సందర్భాలు చాలానే ఉన్నాయి. పైగా స్థిరమైన ఆలస్యానికి చేయి అలవాటు పడుతుంది గానీ, క్షణానికోలా మారే ఆలస్యానికి ఎన్నటికీ అలవాటు పడదు. అందుకే క్లౌడ్‌లో ఆడదలచినవారు వేగం పెద్దదైన ప్లాన్ కొనేకన్నా ముందు రౌటర్ నుంచి ఒక కేబుల్ లాగి చూడడం మంచిది.

క్లౌడ్‌లో విడిగా గేమ్‌లు కొనడం గురించి నా సందేహం మరోచోట ఉంది. గూగుల్ 2019 నవంబరులో ప్రారంభించిన స్టేడియా అనే క్లౌడ్ గేమ్ సర్వీసు 2023 జనవరి 18న మూతపడింది. ఆ దుకాణంలో కొన్న గేమ్‌లకు గూగుల్ డబ్బు తిరిగి ఇచ్చింది, అది మెచ్చుకోవలసిన విషయమే. స్టేడియా కంట్రోలర్‌ను మామూలు బ్లూటూత్ కంట్రోలర్‌గా మార్చుకునే అప్‌డేట్ కూడా ఇచ్చింది. గేమ్‌లు పోయి కంట్రోలర్ మిగిలిందన్నమాట. చేతిలో ఉన్న వస్తువుకూ, సర్వర్‌లో ఉన్న హక్కుకూ మధ్య తేడాను ఇంతకన్నా సూటిగా చూపించే ఉదాహరణ నాకు తెలియదు.

డౌన్‌లోడ్ ఈ రెండింటికీ నడిమధ్యన ఉంటుంది. వాల్వ్ సంస్థ 2003లో, గేమ్‌లు దించుకునే స్టీమ్ సర్వీసును తెచ్చిన తర్వాత కంప్యూటర్ ఆటల్లో డిస్కు క్రమంగా కనుమరుగైంది. ఈనాటి ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే ఉండడం లేదు. ఒకసారి దించుకుంటే నెట్ పోయినా చాలా గేమ్‌లు నడుస్తాయి, తరచూ తగ్గింపులు వస్తాయి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చే వీలు కూడా ఉంది. స్టీమ్‌లో 2015 నుంచి కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి అడగవచ్చు. కానీ ఇక్కడ మనం కొంటున్నది గేమ్ కాదు, ఆడుకునే లైసెన్స్. ఈ విషయాన్ని దుకాణాలు కొనుగోలు సమయంలోనే స్పష్టంగా చెప్పాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి, 2025 జనవరి 1 నుంచి అమలులోకి తెచ్చింది. చెల్లింపు పేజీలో ఆ వాక్యం చదివినప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు, కానీ అంతకుముందు అన్నేళ్లూ 'కొనండి' అన్న బటన్‌ను నమ్మినందుకు కాస్త నవ్వు వచ్చింది.

దుకాణంలో గేమ్ దొరకకుండా పోవడంలోనూ రెండు రకాలున్నాయని గమనించాలి. నింటెండో తన వీ యూ, త్రీడీఎస్ యంత్రాల ఆన్‌లైన్ దుకాణాల్లో 2023 మార్చి 27న కొత్త అమ్మకాలను ఆపేసింది గానీ, అంతకుముందు కొన్నవాటిని మళ్లీ దించుకునే వీలును ఆనాడే తీసేయలేదు. సోనీ కన్సోల్ ప్లేస్టేషన్ 4 కోసం 2014లో ఉచితంగా వచ్చిన పీ.టీ. అనే భయానక గేమ్ నమూనా విషయంలో అలా జరగలేదు. 2015లో దాన్ని దుకాణం నుంచి తొలగించాక, అప్పటికే తీసుకున్నవారు కూడా తిరిగి దించుకోలేకపోయారు. కన్సోల్‌లోంచి చెరిపేసినవారికి అది పోయినట్టే.

ఇదంతా విన్నవారు డిస్కే మేలని తీర్పు చెప్పేస్తారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. డిస్కును స్నేహితుడికి ఇవ్వవచ్చు, ఆడేశాక అమ్మవచ్చు, తమ్ముడికో చెల్లెలికో వదిలేయవచ్చు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అంటారు. డౌన్‌లోడ్ చేసిన గేమ్‌ను అమ్మబోతే ఆ అడవి కూడా ఉండదు. అయినా డిస్కు మీద నా నమ్మకం సడలడానికి కారణం ద క్రూ అనే కార్ల గేమ్. 2014లో వచ్చిన ఆ గేమ్‌ను ఒంటరిగా ఆడుకోవాలన్నా సర్వర్‌తో సంబంధం ఉండి తీరాలి. దాన్ని విడుదల చేసిన యూబీసాఫ్ట్ సంస్థ 2024 మార్చి 31న ఆ సర్వర్లను ఆపేయడంతో, డబ్బు పెట్టి డిస్కు కొన్నవారికీ డౌన్‌లోడ్ చేసుకున్నవారికీ ఒకే గతి పట్టింది. అంటే అసలు సరిహద్దు డిస్కుకూ డౌన్‌లోడ్‌కూ మధ్య లేదు. ఎవరినీ అడగకుండా నడిచే గేమ్‌కూ, ప్రతిసారీ సర్వర్ అనుమతి కోరే గేమ్‌కూ మధ్య ఉంది.

డిస్కు కూడా మునుపటి డిస్కు కాదు. ప్లేస్టేషన్ 5 డిస్కులో 100 జీబీ వరకు పడుతుంది, కానీ గేమ్ విడుదలైన రోజే ప్యాచ్ అనే తప్పులు దిద్దే పెద్ద అప్‌డేట్ రావడం మామూలైపోయింది కనుక, డిస్కులో ఉన్నది చాలాసార్లు తప్పులు దిద్దని ప్రతి. సైబర్‌పంక్ 2077 అనే గేమ్ ఎంత అధ్వానంగా వచ్చిందంటే, 2020 డిసెంబరులో సోనీ దాన్ని తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసేసి, మళ్లీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. నెట్ లేని ఇంట్లో ఆనాటి డిస్కు పెడితే ఇప్పటికీ నడిచేది ఆ తొలినాటి ఆటే. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో గేమ్-కీ కార్డులు అనే మరో రకం ఉంది. వాటిలో గేమ్ ఉండదు, దించుకోవడానికి తాళంచెవి మాత్రమే ఉంటుంది. అమ్ముకునే హక్కు ఒకటి మిగిలిందని సంతోషించవచ్చు, కానీ అది సర్వర్ ఉన్నంతకాలమే.

కాబట్టి నేను ఎంచుకునేది డౌన్‌లోడే, కానీ ఒక షరతు మీద. 2008లో మొదలైన జీఓజీ వంటి దుకాణం కాపీ చేయకుండా అడ్డుకునే తాళాలేవీ లేని ఇన్‌స్టాలర్ ఫైలును, అంటే గేమ్‌ను కంప్యూటర్‌లో ఎక్కించే ఫైలును ఇస్తుంది. దాన్ని బయటి హార్డ్‌డిస్కులో దాచుకుంటే దుకాణం మూతపడినా, ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోయినా గేమ్ మన దగ్గరే ఉంటుంది. హార్డ్‌డిస్కులు చెడిపోతాయి కనుక రెండు ప్రతులు ఉండాలి, అదొక చాకిరీ. పెద్ద గేమ్‌లన్నీ అలా దొరకవు, అదొక లోటు. కన్సోల్‌లో ఆడేవారికి ఈ దారే లేదు కాబట్టి, కథ ప్రధానంగా ఉండి నెట్ లేకుండా నడిచే గేమ్ అయితే వారు డిస్కు కొనడమే మంచిది. పదిమందితో కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లకు డిస్కు కోసం పట్టుబట్టడంలో అర్థం లేదు, సర్వర్ పోయిన రోజున ఆ డిస్కు గుర్తుగా దాచుకోవడానికే తప్ప ఎందుకూ పనికిరాదు. చందా, క్లౌడ్‌లను నేను పూర్తిగా మానుకోలేదు. ఒక గేమ్ నాకు నచ్చుతుందో లేదో రెండు సాయంత్రాల్లో తేల్చుకోవడానికి వాటిని మించిన సాధనం లేదు.

సగంలో ఆగిపోయిన ఆ గేమ్‌ను చివరికి ఇన్‌స్టాలర్ ఇచ్చే దుకాణంలోనే కొన్నాను. పాత సర్వీసులోని సేవ్ ఫైలును కొత్త ప్రతి గుర్తించలేదు కాబట్టి, ఇప్పుడు మొదటి అధ్యాయం నుంచి ఆడుతున్నాను.