అద్దం పెట్టె: పక్షవాతం వచ్చిన కుడిచేతికి రెండేళ్లు వాడాక

చెయ్యి పడిపోయిందని తెలియగానే అందరూ కొనిపెట్టేది మెత్తటి బంతి. చెన్నై పెరంబూరులో మా ఇంటికి పలకరింపుకు వచ్చిన చుట్టాలూ అదే తెచ్చారు. నాకు అక్కరకొచ్చింది మాత్రం అద్దం. స్ట్రోక్ తర్వాత చాలామందికి వేళ్లు ముడుచుకోవడం తొందరగా వస్తుంది, తెరుచుకోవడమే కష్టం. "బిగించడం దానికి వచ్చమ్మా, వదలడం నేర్పాలి" అంది ఫిజియోథెరపీ అమ్మాయి.

బల్ల మీద అద్దాన్ని మన ఎదురుగా మధ్యలో, అంచు మనవైపు ఉండేట్టు నిలబెట్టాలి. రాని చెయ్యి దాని వెనక పెట్టెలో ఉంటుంది. బాగున్న చేతిని ముందు ఆడిస్తూ అద్దంలోకే చూడాలి. ఎడమ వేళ్లు విచ్చుకుంటే కుడిచేతివే విచ్చుకున్నట్టుంటుంది. ఆ క్షణంలోనే లోపలి చేతినీ తెరవబోవాలి. చేతికి వాచీ, ఉంగరం ఉంటే తీసేయండి, లేకపోతే అది మన కుడిచెయ్యే అనిపించదు. తీసేసిన చేతి చోట మిగిలిపోయే నొప్పికి 1990లలో ఈ పద్ధతి కనిపెట్టిన మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ మన చెన్నై స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివినవారే. 1999లో దీన్ని పక్షవాతానికి వాడి చూసిన చిన్న పరిశోధనలోనూ ఆయన ఉన్నారు.

కొన్న పెట్టెకు ప్లాస్టిక్ అద్దం వచ్చింది. అది వంగి, చెయ్యి అలలు అలలుగా కనపడేది. అద్దాల కొట్లో గాజుది కోయించి, అంచులు నున్నగా అరగదీయించి బిగించాం. స్పర్శ సరిగా తెలియని చేతికి గాజు అంచు తగిలితే కోసుకున్నా తెలియదు, కాబట్టి ఇది తప్పనిసరి.

వానల ముందు మొదలుపెట్టాను. సంక్రాంతి నాటికి బొటనవేలు పక్కకి జరిగింది. అంతకుముందు ఆవలించినప్పుడల్లా చెయ్యి దానంతటదే లేస్తుంటే ఇంట్లోవాళ్లు సంబరపడేవారు. కానీ అది మనం అనుకుంటే వచ్చే కదలిక కాదు. బొటనవేలు నేను అనుకుంటే కదిలింది! ఆ రోజు పట్టలేనంత ఏడుపొచ్చింది. అయితే తొలి మూడు నెలల్లో మెదడు తనంతట తానే ఎక్కువగా కోలుకుంటుందట. అందుకని ఘనతంతా అద్దానిదే అనను.

వేళ్లు కాస్త కదిలాక అద్దం పని తగ్గింది, ఇంటి పనులే మందయ్యాయి. తువ్వాలు కింద వేసి బల్ల మీద చేతిని ముందుకు తోయడం, బట్టల క్లిప్పులు తీగకు పెట్టడం, చింతగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలో వేయడం. అన్నిటికన్నా ముగ్గు గొప్పది. వేళ్లు బిగిస్తే పిండి ఆగిపోతుంది, మరీ వదిలితే కుప్ప పడుతుంది. పళ్లెంలో గీతలతో మొదలుపెట్టి, ఇప్పుడు చుక్కలు కలుపుతున్నాను.

అన్నం కలుపుకుని తింటున్నాను. జడ వేసుకోలేను, సంతకం పాతదానిలా రాదు. అలిసిపోతే వేళ్లు మళ్లీ ముడుచుకుంటాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండు మాటలు. పడిపోయిన చేతిని పట్టుకుని ఎవరినీ లాగనివ్వకండి, భుజం కీలు జారే ప్రమాదం ఉంది. అద్దంలో చూస్తుంటే కొందరికి కళ్లు తిరిగి వాంతి వచ్చినట్టుంటుంది. అందుకే మొదటిసారి థెరపిస్టు పక్కనుండగానే కూర్చోండి.