చూసిన రాత్రే రాయాలా, అంతా అయ్యాక రాయాలా?

చూసిన డ్రామా గురించి నాలుగు ముక్కలు రాసుకునే అలవాటున్నవాళ్లకు ఈ తర్జనభర్జన తప్పదు. ఎపిసోడ్ అవగానే ఆ వేడి మీదే రాసేయాలా? రాత్రి పడుకుని పొద్దున రాయాలా? లేక సిరీస్ మొత్తం అయ్యాక తీరిగ్గా ఒకేసారి రాయాలా? మూడూ చేసి చూశాను.

నా పాత నోట్‌బుక్‌లో ఒక క్రైమ్ డ్రామా నాలుగో ఎపిసోడ్ కింద ఇలా ఉంది: "తమ్ముడే చంపాడు. డౌటే లేదు. అంత్యక్రియల సీన్‌లో వాచీ చూసుకున్నాడు." "డౌటే లేదు" కింద రెండు గీతలు కూడా కొట్టాను. తీరా పదో ఎపిసోడ్‌కి వస్తే తమ్ముడికి ఆ హత్యతో ఏ సంబంధమూ లేదు. ఆ వాచీ చనిపోయిన అన్న ఇచ్చింది, అందుకే చూసుకున్నాడు. ఆ పేజీ తిప్పినప్పుడల్లా సిగ్గేస్తుంది. కానీ నోట్‌బుక్ మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదివేదీ ఆ పేజీయే. దర్శకుడు నన్ను ఎక్కడ, ఎంత చిన్న వస్తువుతో బోల్తా కొట్టించాడో అందులో ఉంది. అదే డ్రామా గురించి ఆఖర్న రాసి ఉంటే "తమ్ముడి మీద నాకెందుకో మొదటినుంచీ అనుమానం లేదు" అని రాసేవాణ్ణి. గొప్పలు పోవడానికి కాదు, నిజంగానే నాకు అలా గుర్తుండిపోయేది.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్, మాస్కో వెళ్లబోతున్నప్పుడు, అక్కడ ఏది జరిగే అవకాశం ఎంత ఉందో అంచనా వేయమని బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ అనే పరిశోధకులు కొందరిని అడిగారు. పర్యటనలు అయ్యాక, అప్పట్లో మీరేం చెప్పారో గుర్తు తెచ్చుకోమన్నారు. నిజంగా జరిగినవాటికి తాము ముందే ఎక్కువ అవకాశం ఇచ్చామన్నట్టు చాలామందికి గుర్తొచ్చింది. ఈ ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. పేపర్లో రోజూ వచ్చే వార్తల విషయంలోనే ఇలా అయితే, హంతకుడెవరో తెలిశాక మన జ్ఞాపకం మాత్రం ఊరుకుంటుందా?

అలాగని ఆఖర్న రాయడం దండగ అనలేను. అప్పటికప్పుడు రాసేవాడు నెమ్మదిగా నడిచే ఎపిసోడ్‌లకు అన్యాయం చేస్తాడు. ఒక కుటుంబ కథలో ఓ ముసలావిడ కిటికీ దగ్గర కూర్చుని ఉత్తరాలు సర్దే సీన్లు పదే పదే వచ్చేవి. మూడో ఎపిసోడ్ కింద "సాగదీత. ఈవిడ దేనికి?" అని రాశాను. చివరికి ఆస్తి గొడవంతా తేలింది ఆ ఉత్తరాల్లోంచే. మొత్తం చూసినవాడికే ఆ అల్లిక కనబడుతుంది. అయితే ఆఖర్న రాసేటప్పుడు క్లైమాక్స్ మిగతా అంతటి మీదా కూర్చుంటుంది. 2019లో గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆఖరి సీజన్ నచ్చక, దాన్ని మళ్లీ తీయాలంటూ పది లక్షల మందికి పైగా ఆన్‌లైన్ పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. అలాంటి కోపంలో ఉన్నవాణ్ణి కూర్చోబెట్టి మొదటి సీజన్ ఎలా ఉందో రాయమంటే, ఏళ్ల కిందట గుండె దడదడలాడిన రాత్రి కూడా ఆ కోపం రంగులోనే కనబడుతుంది.

ఇక రోజువారీ సీరియళ్లకైతే "అయ్యాక" అనేదే ఉండదు. వందల ఎపిసోడ్‌లు నడిచే కథ అయిపోయేదాకా ఆగితే, రాద్దామనుకున్నవాడే ముందు మరిచిపోతాడు. ఒక్క చూపును మూడు వైపులనుంచి చూపించి, ప్రతిసారీ దడేల్‌మని మ్యూజిక్ వేస్తే వచ్చే విసుగును ఆ పూటే రాయాలి. మర్నాటికి అలవాటైపోతుంది!

పొద్దున రాసే పద్ధతి నాకు అచ్చిరాలేదు. నిద్ర లేచేసరికి ఆవేశం చల్లారుతుంది, తెలివి కూడా అంతగా పెరగదు. పనికొచ్చేది ఒక్కటే, రాత్రి చూసిన వాటిలో తెల్లారేదాకా ఏ సీన్ మిగిలిందో తెలుస్తుంది.

ఎప్పుడు రాయాలన్నది ఎలా చూస్తున్నామన్నదాని మీద కూడా ఉంది. 1980 మార్చి 21న డాలస్ అనే అమెరికా సీరియల్‌లో జె.ఆర్. అనే ముఖ్యపాత్ర మీద కాల్పులు జరిగాయి. కాల్చిందెవరో నవంబర్ 21న గానీ చెప్పలేదు. ఎనిమిది నెలలు! ఊహలు రాసుకోవడానికి అంత వ్యవధి. 2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ హౌస్ ఆఫ్ కార్డ్స్ మొదటి సీజన్ 13 ఎపిసోడ్‌లనూ ఒకేసారి వదిలింది. అలా వచ్చినవాటిని చూసేటప్పుడు పెన్ను తీసేలోపే తర్వాతి ఎపిసోడ్ మొదలైపోతుంది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకే డ్రామాను కొందరికి ఏకబిగిన, కొందరికి రోజుకొకటి, కొందరికి వారానికొకటి చొప్పున చూపించి, 2017లో ఫలితాలు ప్రచురించారు. ఏకబిగిన చూసినవాళ్లకు మర్నాడు అందరికన్నా బాగా గుర్తుంది. 140 రోజులు గడిచేసరికి ఎక్కువగా మరిచిపోయినవాళ్లూ వాళ్లే. పైగా మిగతా రెండు గుంపులకన్నా తక్కువ ఆనందించామని కూడా చెప్పారు.

కాబట్టి నా ఓటు ఆ రాత్రి రాతకే. ఆటోప్లే ఆపేసి, ఐదు నిమిషాల్లో మూడే సంగతులు రాస్తాను: ఎవరి మీద అనుమానం, చెవిలో మోగుతున్న డైలాగు, ఎన్నో నిమిషంలో ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఈ మూడోదాన్ని మించిన రేటింగ్ లేదు. "బాగుంది" అని రాసిన ఎపిసోడ్ పక్కనే "19వ నిమిషం, ఫోన్" అని ఉంటే ఏది నిజమో చెప్పక్కర్లేదు. పొద్దున ఏమైనా తోస్తే మార్జిన్‌లో వేరే ఇంకుతో రాస్తాను, రాత్రి రాసింది మాత్రం కొట్టేయను.

ఇప్పుడొక ఆసుపత్రి డ్రామా చూస్తున్నాను, ఆరు ఎపిసోడ్‌లు అయ్యాయి. నీలం ఇంకుతో "మత్తు డాక్టరే, నూటికి నూరుపాళ్లు" అని ఉంది. పక్కన ఎర్ర ఇంకుతో "కాదేమో, నర్సు ఆ తలుపు ఎందుకు వేసింది?" అని ఉంది. ఇంకా రెండు మిగిలాయి.