కోనసీమ కరెంటులో లినక్స్ టీవీ పెట్టె: కొన్నేళ్ల వాడకం తర్వాత

రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్లో లిబ్రెఎలెక్ (టీవీ కోసం తయారైన లినక్స్ సిస్టమ్) వేసి, అందులో వచ్చే కోడి అనే వీడియో ప్లేయర్‌తో మా ఇంట్లో కొన్నేళ్లుగా టీవీ చూస్తున్నాం. మాది రాజోలు వైపు. ఇన్నాళ్ల వాడకంలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది. ఈ పెట్టెకొచ్చే జబ్బుల్లో చాలావాటికి మూలం కరెంటు, వైర్లు. ఆ రెండూ సరిగ్గా ఉంటే ఇంత మొండిగా పనిచేసే వస్తువు మా హాల్లో ఇంకోటి లేదు.

మొదటి సెటప్ తేలికే. లిబ్రెఎలెక్ ఇమేజ్‌ని మెమరీ కార్డులోకి ఎక్కించి, కార్డు పెట్టి ఆన్ చేస్తే కోడి తెర వచ్చేస్తుంది. రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టుల్లో పవర్ పిన్ పక్కనున్నదానికే టీవీ కలపండి. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ (రిమోట్ ఆదేశాలను హెచ్‌డీఎంఐ వైరు మీదుగా పంపే ఏర్పాటు) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే కోడి నడుస్తుంది. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్. అమ్మ దీన్ని ఎవరి సాయం లేకుండా వాడుతోందంటే కారణం ఇదే. మామూలు డెస్క్‌టాప్ పీసీల్లో ఈ సౌకర్యం దాదాపు ఉండదు, విడిగా అడాప్టర్ కొనాలి.

ఇక అసలు సంగతి, కరెంటు. సాయంత్రం అయ్యేసరికి రొయ్యల చెరువుల దగ్గర నీటికి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతాయి, ఊళ్లో లోవోల్టేజీ మొదలవుతుంది. అప్పుడే సినిమా మధ్యలో బొమ్మ ఆగిపోవడం, డిస్క్ కనబడకుండా పోవడం. ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్ నుంచి) లోపలికి వెళ్లి కెర్నెల్ లాగ్ (సిస్టమ్ రాసుకునే చిట్టా) చూస్తే 'అండర్‌వోల్టేజ్ డిటెక్టెడ్' (వోల్టేజీ తక్కువైంది) అని వరసగా కనిపించింది. పై 4కి 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు నికరంగా ఇచ్చే అడాప్టర్ కావాలి. ఫోన్ చార్జర్, సన్న కేబుల్ కలిస్తే ఆ వోల్టేజీ దారిలోనే తగ్గిపోతుంది. పైగా దీని యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి దక్కేది 1.2 ఆంపియర్లే. పోర్టబుల్ హార్డ్ డిస్క్ తిరగడం మొదలుపెట్టే క్షణంలో అందులో చాలావరకు అదే లాగేస్తుంది. అసలైన అడాప్టర్, సొంత పవర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టాక లాగ్‌లో ఆ మాట మళ్లీ కనిపించలేదు.

ఇన్వర్టర్ వెనక యూపీఎస్, ఈకో అని ఒక స్విచ్ ఉంటుంది, చూడండి. ఈకోలో ఉంటే కరెంటు పోయినప్పుడు బ్యాటరీకి మారేలోపే పెట్టె రీస్టార్ట్ అవుతుంది. యూపీఎస్‌లో ఉంటే నిలబడుతుంది. కానీ ఆ మోడ్‌లో వోల్టేజీ కాస్త తగ్గినా బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది కాబట్టి మా సాయంత్రాల్లో బ్యాటరీ త్వరగా అయిపోతుంది. నేను మాత్రం యూపీఎస్‌లోనే ఉంచాను.

హఠాత్తుగా కరెంటు పోయినా లిబ్రెఎలెక్ తట్టుకోవడానికి కారణం దాని కట్టుబడిలోనే ఉంది. సిస్టమ్ మొత్తం చదవడానికి మాత్రమే వీలయ్యే ఒక ఫైలులో ఉంటుంది, మన సెట్టింగ్స్ వేరే పార్టిషన్‌లో ఉంటాయి. సినిమాల డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉంటే మాత్రం, కరెంటు పోయొచ్చాక కొత్త ఫైళ్లు రాయనివ్వకుండా మొరాయించేది. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4కి మార్చాను. దానికి జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) ఉంటుంది కాబట్టి తనే సర్దుకుంటుంది. విండోస్ ల్యాప్‌టాప్ ఆ డిస్క్‌ని నేరుగా చదవదు. సాంబా షేర్ (డిస్క్‌ని నెట్‌వర్క్‌లో విండోస్‌కి చూపించే ఏర్పాటు) ఉంది కనుక నెట్‌వర్క్‌లోనే కాపీ చేసుకోవచ్చు.

వైఫై గొడవ ఒకటి చాలామందిని తిప్పలు పెడుతుంది. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో డిస్క్ పెట్టగానే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై పడిపోతుంది. యూఎస్‌బీ 3 వెదజల్లే రేడియో రొద సరిగ్గా ఆ పౌనఃపున్యం దగ్గరే ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, కుదిరితే లాన్ కేబుల్ లాగండి.

నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది బాబాయి తీయించిన జగ్గన్నతోట ప్రభల తీర్థం వీడియో. కనుమ రోజు ప్రభలను (అలంకరించిన ఎత్తైన వెదురు చట్రాలను) భుజాల మీద మోస్తూ కౌశిక నది దాటించే ఘట్టంలో, ప్రభ ఊగినప్పుడల్లా దాని రంగుల బట్టల అంచులు దువ్వెన పళ్లలా చీలికలైపోయేవి. పాత డీవీడీలో ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా, సెకనుకు 50 సగాలుగా చిత్రిస్తారు. రెండు సగాలనూ ఒకేసారి చూపిస్తే ఇలాగే చీలుతుంది. ప్లేయర్ మెనూలోని వీడియో సెట్టింగ్స్‌లో డీఇంటర్‌లేస్ (సగాలను పూర్తి ఫ్రేములుగా మలిచేది) ఆన్ చేసి, రిఫ్రెష్ రేటును (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో దాన్ని) వీడియోకు తగ్గట్టు మార్చే ఆప్షన్ పెట్టి, వైట్‌లిస్ట్‌లో (కోడి వాడుకోదగ్గ రేట్ల జాబితాలో) 24, 50, 60 హెర్ట్జ్‌లకు టిక్ కొట్టాను. అంచులు కుదురుకున్నాయి. మోసేవాళ్ల మొహాలు కూడా గుర్తుపట్టేలా కనిపించాయి. సినిమాల్లో కెమెరా పక్కకు తిరిగేటప్పుడు వచ్చే కుదుపు కూడా దీంతోనే పోయింది, ఎందుకంటే 24 ఫ్రేములను 60 హెర్ట్జ్‌లో సమంగా పంచడం కుదరదు.

రోహిణి కార్తెలో చిప్ వేడి 80 డిగ్రీలు తాకితే ప్రాసెసర్ వేగం తగ్గించేసుకుంటుంది. ఫ్యాన్ లేని అల్యూమినియం కేస్ తీసుకోండి, దుమ్ము బాధ ఉండదు. ఉప్పుగాలికి పిన్నులకు చిలుము పడుతుంది. వానాకాలం ముందొకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.

ఓటీటీ కోసమే అయితే ఇది కొనకండి. కాపీరైట్ రక్షణ వల్ల చాలా యాప్‌లు లినక్స్‌కు పూర్తి నాణ్యత ఇవ్వవు. వాటిని మేం టీవీ యాప్‌లోనే చూస్తాం. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు పై 5 వైపు చూస్తారు. అందులో హెచ్‌.264కి (చాలా వీడియో ఫైళ్లు వాడే కుదింపు పద్ధతి) హార్డ్‌వేర్ డీకోడర్, అంటే ఆ వీడియోను విప్పే ప్రత్యేక భాగం, తీసేశారు. 1080పీ వరకు ప్రాసెసరే లాగేస్తుంది గానీ, మీ దగ్గర ఆ ఫైళ్లే ఎక్కువుంటే, పై 4 దొరికితే అదే తీసుకోమంటాను.