రోజుకో మాట, పది నిమిషాల టైమర్: ఓ రాత యాప్‌తో మూడు నెలలు

మూడు నెలల క్రితం ఫోన్‌లో ఒక రాత యాప్ వేసుకున్నాను. పేరు చెప్పను, ఎందుకంటే కింద తిట్లు కూడా ఉన్నాయి. అది చేసే పని చాలా చిన్నది. పొద్దున్నే ఒక మాట ఇస్తుంది, "తాళంచెవి", "తడి తువ్వాలు", "లిఫ్ట్" లాంటిది, పది నిమిషాల టైమర్ మొదలుపెడుతుంది, మనం ఆ మాట పట్టుకుని కంటికి, చెవికి, ముక్కుకి, నాలుకకి, చర్మానికి తగిలినవన్నీ ఆగకుండా, దిద్దకుండా రాసుకుంటూ పోవాలి. అంతే.

ఇదేమీ వాళ్లు కనిపెట్టింది కాదు. పీటర్ ఎల్బో అనే అమెరికన్ అధ్యాపకుడు 1973లోనే ఈ ఆగని రాత గురించి గట్టిగా చెప్పాడు. పాటలు రాయడం నేర్పే ప్యాట్ ప్యాటిసన్ ఒక వస్తువు ఇచ్చి దాని మీద పది నిమిషాలు ఇంద్రియాలతో రాయిస్తాడు, పైగా ఆయన లెక్కలో ఇంద్రియాలు ఐదు కాదు, ఏడు. గుండె దడ, కడుపులో బిగుసుకోవడం లాంటి ఒంటి లోపలి సంగతులు ఆరోది, ఊగడం తూలడం లాంటి కదలిక ఏడోది. యాప్‌లో ఈ రెండూ పెట్టారు. నాకు ఎక్కువ పనికొచ్చినవి కూడా ఈ రెండే.

మొదటి వారం రాతలు ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. "లిఫ్ట్" ఇస్తే "నాకు లిఫ్టంటే చిన్నప్పటి నుంచీ భయం" అని మొదలుపెట్టి నేరుగా ఆత్మకథలోకి వెళ్లిపోయాను. ఆరో వారంలో అదే మాట మళ్లీ వచ్చింది. ఈసారి పైకెళ్లి ఆగే ముందు ఒళ్లు ఒక్క క్షణం తేలికైపోవడం, అరచేతిలో చెమటకి కడ్డీ జారడం, ఎవరో దిగిపోయినా వాళ్ల సెంటు వాసన మాత్రం లోపలే ఉండిపోవడం, ఇలాంటివి వచ్చాయి. అది చదివి మా అక్క "నీకింకా లిఫ్టంటే అంత భయమా?" అంది. నేనేమో భయం గురించి ఒక్క ముక్క రాయలేదు.

ముక్కుతోనే కష్టం. ఏ వాసనకైనా అది కొన్ని నిమిషాల్లోనే అలవాటు పడిపోతుంది, అందుకే ఉన్న గదిలో కూర్చుని రాస్తే ఏ వాసనా తగలదు. ఒకసారి బయటికెళ్లి లోపలికి వస్తే అప్పుడు తెలుస్తుంది మన గదికి ఎంత ముక్కిపోయిన బట్టల కంపు ఉందో. ఈ చిట్కా యాప్‌లో ఎక్కడా లేదు, ఉండాల్సింది.

ఇక తిట్లు. రాయడం అయ్యాక ఏ ఇంద్రియాన్ని ఎంత వాడామో రంగుల చక్రంలో చూపిస్తుంది. రోజూ నాకు సగానికి పైగా "చూపు" అనే వస్తుంటే నేనింత కళ్ల మనిషినా అని కొన్నాళ్లు బాధపడ్డాను కూడా. తీరా గమనిస్తే సంగతేంటంటే, "వాసన చూశాను" అని రాస్తే చూపు, "రుచి చూశాను" అన్నా చూపే, ఆఖరికి "తోసి చూశాను" కూడా చూపు ఖాతాలోకే వెళ్తోంది. తెలుగులో మనం ముక్కుతోనూ నాలుకతోనూ కూడా చూస్తామని ఆ లెక్క రాసినవాళ్లకి ఎవరూ చెప్పినట్టు లేరు.

రెండోది వరస రోజుల లెక్క. 41వ రోజు జ్వరమొచ్చి రాయలేదు, మర్నాడు తెరిస్తే సున్నా, పక్కన తెగిన గొలుసు బొమ్మ. చిరాకేసి ఇంకో మూడు రోజులు దాని మొహం చూడలేదు. అలవాట్ల మీద లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టిందని, మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారొచ్చని వాళ్ల అంచనా. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే ఉంది. మరి ఈ సున్నా ఎందుకో! నేనైతే నోటిఫికేషన్లు ఆపేసి, పళ్లు తోముకున్న వెంటనే రాయాలని పెట్టుకున్నాను, అప్పటి నుంచే కుదిరింది.

ఇంకోటి, ఫోన్‌లో తెలుగు టైపింగ్. "ళ" బదులు "ల" పడగానే వేలు వెనక్కి పోతుంది, దిద్దకూడదన్న నియమం అక్కడికక్కడే అటకెక్కుతుంది. అందుకే ఇప్పుడు మాట యాప్‌లో చూసుకుని, టైమర్ నొక్కి, పెన్సిల్‌తో నోటుబుక్‌లో రాస్తున్నాను. యాప్‌లో పేజీ ఖాళీగా ఉందని తెరిచినప్పుడల్లా అది గుర్తుచేస్తూనే ఉంటుంది, పోనీలే.

ఏం రాయాలో తెలియక ఆగిపోయేవాళ్లు వేసుకోవచ్చు, మాటల ఎంపిక నిజంగా బాగుంది. డబ్బు కట్టే వెర్షన్‌లో అదనంగా వచ్చేది పాత రాతల్ని వెతుక్కునే సౌకర్యం, ఆ రంగుల చక్రం, అంతే కాబట్టి ఉచితంగా వచ్చేదే చాలు. ఐదుకి మూడు ఇస్తాను. చక్రం తీసేస్తే మూడున్నర.