సున్నా టికెట్టు కూడా టికెట్టే: నెల్లూరు – కావలి పొద్దుటి ఎక్స్‌ప్రెస్ బస్సు

నాలుగు నెలలుగా వారానికి ఐదు రోజులు నేను నెల్లూరు బస్టాండులో పొద్దున ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కి, పెన్నా వంతెన దాటి, కోవూరు, నార్త్ రాజుపాళెం మీదుగా కావలికి ఉద్యోగానికి వెళ్లి, సాయంత్రం అదే దారిన తిరిగి వస్తున్నాను. బస్సు సంగతి ముందే చెప్పి ముగిస్తాను. దాదాపు ప్రతిరోజూ వేళకు బయల్దేరుతుంది, సీట్లు బాగున్నాయి, వృద్ధులు రెండు కాళ్లూ నేల మీద పెట్టేదాకా డ్రైవర్లు బండి కదిలించరు. ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వడానికి నాకు సంకోచం లేదు. అయితే ఈ ప్రయాణం హాయిగా సాగేదీ, మనసు కష్టపెట్టేదీ బస్సు వల్ల కాదు, అందులో కూర్చున్న మనం ఒకరితో ఒకరం మెలిగే తీరు వల్ల. నేను రాయదలచింది దాన్ని గురించే.

ఈ దారిలో సీటు కోసం జరిగే పెనుగులాటకు ఎండ ఒక పెద్ద కారణం. బస్సు పొద్దున ఉత్తరానికి పోతుంది, సాయంత్రం దక్షిణానికి వస్తుంది కాబట్టి రెండు పూటలా ఎండ డ్రైవరు వైపు కిటికీల మీదే పడుతుంది. రోజూ తిరిగేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకే బస్సు ప్లాట్‌ఫారం దగ్గర ఆగీ ఆగకముందే ఎడమవైపు కిటికీల్లోంచి కర్చీఫులు, క్యారేజీ సంచులు, నోటుపుస్తకాలు లోపల పడుతుంటాయి. తన కోసం ఒక సీటు మీద గుడ్డ వేసుకోవడాన్ని నేను తప్పు పట్టను. అది మన దగ్గర అందరూ ఒప్పుకున్న పద్ధతి, నేనూ ఎన్నోసార్లు వేశాను. కానీ ఒక్క మనిషి నాలుగు సీట్ల మీద నాలుగు వస్తువులు పెట్టి, ముందు స్టాపులో ఎక్కబోయే స్నేహితుల కోసం, బిడ్డను చంకనేసుకొని ఎదురుగా నిలబడిన తల్లిని "మనుషులున్నారు" అని పంపేయడం మర్యాద ఎలా అవుతుంది?

2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం మొదలైన తరువాత పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు గుర్తింపు కార్డు చూపి ఉచితంగా ప్రయాణిస్తున్నారు. కండక్టరు వాళ్లకు సున్నా ఛార్జీతో టికెట్టు కొట్టి ఇస్తారు, ఆ సొమ్మును ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లిస్తుంది. అంటే ఆ టికెట్టు ఎవరి దయా కాదు. అయినా "ఫ్రీ టికెట్లు" అనే మాటను కొందరు మగవాళ్లు ఆడవాళ్లకు వినబడేలా, వినబడాలనే అంటున్నారు. డబ్బు పెట్టి కొన్నవాడికి సీటు మీద ఎక్కువ హక్కు ఉన్నట్టు మాట్లాడే ఈ అలవాటు నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెడుతోంది.

ఒకరోజు నెల్లూరులోనే ఒక ముసలావిడ ఆకుకూరల గంపతో ఎక్కి, సీటు మీదున్న కర్చీఫును పక్కకు జరిపి కూర్చుంది. కోవూరులో ఎక్కే మిత్రుల కోసం ఆ సీటు ఉంచిన కుర్రవాడు "ఊరికే వచ్చేది చాలక సీటు కూడా కావాలా నీకు?" అన్నాడు. వయసులో తన నాయనమ్మంత మనిషిని "నీకు" అన్నాడు. ఆమె ఎదురు మాట్లాడలేదు, గంప పట్టుకొని లేవబోయింది. రెండు వరుసల వెనక కూర్చున్న నేను ఏదో అనాలనుకుంటూనే ఊరుకున్నాను; ఆ మౌనం ఇప్పటికీ నన్ను కలచివేస్తుంది. టికెట్లు కొడుతూ వస్తున్న కండక్టరు మాత్రం గొంతు పెంచకుండానే చెప్పాడు: "ఆమెకూ టికెట్టు కొట్టినా, నీకూ కొట్టినా నాయనా. నీ స్నేహితులు ఇంకా బస్సే ఎక్కలా. కూచో అవ్వా నువ్వు." కోవూరులో మిత్రులు ఎక్కారు, నిలబడ్డారు. వాళ్లలో ఒకడు దారికి అడ్డంగా ఉన్న ఆ గంపను తీసి సీటు కిందికి సర్ది, రాజుపాళెంలో ఆమె దిగేటప్పుడు తానే కిందకు అందించాడు. ఆ పని చేయమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మర్యాద తప్పేది మగవాళ్లొక్కరే అనడం న్యాయం కాదు. పక్కసీటులో సంచి పెట్టుకొని, కర్రతో నిలబడిన పెద్దాయన "కాస్త జరగమ్మా" అని అడిగినా కిటికీ వైపు తల తిప్పుకున్న ఉద్యోగినిని చూశాను. ఇక సెల్‌ఫోన్లలో వీడియోలను పెద్ద గొంతుతో పెట్టేవాళ్లు అన్ని వయసుల్లోనూ ఉన్నారు. నెమ్మదిగా అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది వెంటనే తగ్గిస్తారని నా అనుభవం. "స్త్రీలను గౌరవించడం మన సంప్రదాయం" అని బస్సులోనే రాసి ఉన్నా, ఆ అక్షరాల కిందే కూర్చున్న యువకుణ్ణి లేపడానికి మాత్రం ఇప్పటికీ కండక్టరే రావలసి వస్తోంది.

తోటి ప్రయాణికులకు మూడు మార్కులు ఇస్తున్నాను. అందులో ఒకటి ఆ గంప సర్దిన కుర్రవాడిది.

ఈ బస్సుకు కొత్తగా వచ్చేవాళ్లు, ముఖ్యంగా ఆరోగ్యంగా ఉన్న నా వయసు మగవాళ్లు, డ్రైవరు వైపు సీట్లను చూడండి. ఎండ వల్ల అవి చివరిదాకా ఖాళీగానే ఉంటాయి, వాటి మీద ఎవరూ కర్చీఫు వేయరు. నేను నెల రోజులుగా అటువైపు ఐదో వరుసలో, భుజం మీద తువ్వాలు కప్పుకొని కూర్చుంటున్నాను. కావలి చేరేసరికి కుడిచెయ్యి కాస్త వేడెక్కుతుంది, అంతే.