కువైట్ పోయేముందు అరబ్బీ మాటలకు ఆంకీ యాప్: బాగుంది, రెడీమేడ్ డెక్కు మాత్రం వద్దు

కడప, రాయచోటి వైపు నుంచి ఇంటిపనికో, డ్రైవింగ్‌కో కువైట్ పోయేవాళ్లు మాటలు బట్టీ పట్టడానికి ఆంకీ మంచి యాప్. ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ పేరుతో ఉచితం, ఐఫోన్‌లో కొనాలి. ఒకవైపు మాట, రెండోవైపు అర్థం ఉండే కార్డులు చూపిస్తుంది. నెట్ లేకున్నా నడుస్తుంది. మరిచిపోయిన మాటను వెంటనే మళ్లీ అడుగుతుంది, వచ్చిన మాటను రోజులు, వారాలు, నెలలకు జరుపుతుంది.

చిక్కంతా రెడీమేడ్ డెక్కులతోనే, అంటే ఎవరో ముందే తయారుచేసి పెట్టిన కార్డుల కట్టలతోనే. వాటిలో ఎక్కువగా ఉండేది పుస్తకాల అరబ్బీ. అందులో కోడి దజాజ్, కువైట్ ఇళ్లలో దియాయ్. చెంచా పుస్తకంలో మిల్అకా, వంటింట్లో గఫ్షా. ఏష్ అంటే ఈజిప్టులో రొట్టె, కువైట్‌లో అన్నం! వంటపనికి పోయే ఆమెకు ఈ ఒక్క తేడా తెలిస్తే ఎంత మేలో.

అందుకే కార్డులు సొంతంగా రాసుకోండి, అదీ చెవిన పడే వాక్యంగా. నీళ్లు తెమ్మని మగవాళ్లతో 'జీబ్ మాయ్' అంటారు, ఆడవాళ్లతో 'జీబీ మాయ్'. పోయేది ఎవరో వాళ్లకు తగిన రూపమే ఎక్కించాలి. తెలుగులో రాసుకుంటే గొంతులోంచి పలికే ఐన్ అక్షరం పోతుంది. ఏష్ మొదట్లో ఉండేది అదే. కాబట్టి అక్కడున్న చుట్టాల చేత పలికించి, కార్డు రాసేచోట క్లిప్పు గుర్తు నొక్కి ఆ ఆడియో జత చేయండి. కుర్సీ, సాబూన్ లాంటివాటికి కార్డు దండగ. మన కుర్చీ, సబ్బులకు దగ్గరగానే ఉంటాయి.

యాప్ మొదట రోజుకు 20 కొత్త కార్డులిస్తుంది. అలాగే వదిలేస్తే కొన్ని వారాలకే రోజూ 150 దాకా పాతవి మీద పడతాయి, చాలామంది మానేసేది అక్కడే. సెట్టింగుల్లో 8కి తగ్గించండి. అప్పటికే పేరుకుపోయి ఉంటే, తేరుకునేదాకా కొత్తవి 0 పెట్టండి.

మాట గుర్తు రాకపోతే నొక్కాల్సింది 'అగైన్' (మళ్లీ) బటన్. మొహమాటపడి 'హార్డ్' (కష్టం) నొక్కితే, కష్టంగానైనా వచ్చిందని లెక్కేసుకుని ఆ కార్డును దూరం జరుపుతుంది. 8 సార్లు తప్పిన కార్డుకు యాపే 'లీచ్' అని గుర్తు వేస్తుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పెడుతుంది. దాన్ని అలాగే కొనసాగించవద్దు, వేరే వాక్యంతో కొత్తగా రాయండి.

ఎదురు మాట్లాడటం దీంతో రాదు. దానికి మనిషే కావాలి.

ఇంకొకటి, విమానం ఎక్కేముందు ఆంకీ వెబ్‌సైటు ఆంకీవెబ్‌లో ఉచిత ఖాతా తెరిచి, యాప్‌లో సింక్ నొక్కి కార్డులు అందులోకి ఎక్కించండి. అక్కడ కొత్త ఫోన్ కొన్నా కార్డులన్నీ ఆడియోతో సహా దిగుతాయి.