నిక్కోలో గైడు ముంచాడు, క్యోటోలో ఏనుగు తేల్చింది

జపాన్ వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకి ముందే చెప్పేస్తున్నాను. "జంతువుల బొమ్మల వెనక అర్థాలు, ప్రత్యేక టూరు" అని ఆన్‌లైన్‌లో ఏదైనా కనిపిస్తే వెంటనే డబ్బు కట్టెయ్యకండి. మేం కట్టాం. మనిషికి 8,500 యెన్‌లు, ముగ్గురికి 25,500. యెన్‌కి అరవై పైసలు వేసుకున్నా పదిహేను వేల రూపాయలు దాటింది. ఆ డబ్బుతో క్యోటోలో ఇంకో రెండు రాత్రులు హాయిగా ఉండేవాళ్ళం.

నాకు బొమ్మల పిచ్చి. చైనా, జపాన్ పాత చిత్రాల్లో కొంగ, తాబేలు, పులి, డ్రాగన్ ఊరికే ఉండవని, ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుందని ఎప్పటినుంచో చదువుతున్నాను. అందుకని ప్రయాణం మొత్తం వాటి చుట్టూనే ప్లాన్ చేశాను. మా ఆయనకి ఫుజి పర్వతం కావాలి. మా అత్తయ్యకి మంచి కాఫీ, మోకాళ్ళకి విశ్రాంతి కావాలి. ఇద్దరికీ సర్దిచెప్పి తీసుకెళ్ళాను కాబట్టి గైడు చేసిన నిర్వాకానికి మాటలు పడాల్సింది కూడా నేనే.

టోక్యోలో అసకుస స్టేషన్ నుంచి నిక్కోకి రెండు గంటల రైలు. రైలు బాగుంది, బస బాగుంది, గదికి 16,500 యెన్‌లు, టిఫిన్ అందులోనే. అక్కడి గొప్ప తోషోగూ మందిరం. షోగున్ (అంటే జపాన్‌ని ఏలిన సైన్యాధిపతి) తొకుగవా ఇఎయాసు సమాధి ఉన్న చోటు. ఆయన 1616లో పోయాడు. ఇప్పుడు మనం చూసే హంగులు చాలామటుకు మనవడు ఇఎమిత్సు 1636లో కట్టించినవి. రంగులు, బంగారం, ఎటు చూసినా చెక్కిన జంతువులే.

టూరు పేజీలో రాసింది: మూడు గంటలు, ఎనిమిది మందికి మించరు, ప్రవేశ టికెట్ కలిపే. తీరా వెళ్ళి చూస్తే పదిహేడు మందిమి, ఒక్క గైడు, చేతిలో జెండా. టికెట్లు ఎవరివి వాళ్ళే కొనుక్కోవాలన్నాడు. మనిషికి 1,600 యెన్‌లు. ఫోన్‌లో పేజీ తీసి చూపించాను. "అది పాత పేజీ" అన్నాడు. నేను డబ్బు కట్టింది ఆ పేజీలోనే కదయ్యా అంటే నవ్వి జెండా ఎత్తాడు. అక్కడే మా ఆయన మొహం మాడిపోయింది.

మొదట మూడు కోతులు. చెడు చూడకు, వినకు, మాట్లాడకు. మా అత్తయ్య "గాంధీగారి కోతులు ఇక్కడివా!" అని సంబరపడింది. గైడు అదే మాట ఇంగ్లీషులో చెప్పి, ఫొటోలు తీసుకోండి అని నాలుగు నిమిషాల్లో ముందుకు నడిపించాడు. అసలు సంగతి ఒక్కటీ చెప్పలేదు. ఆ కట్టడం గుర్రపుశాల. చుట్టూ అన్నిటికీ రంగులు పూస్తే దీని చెక్కకి మాత్రం పుయ్యలేదు. కోతి గుర్రాలకి కాపలా అని వాళ్ళ నమ్మకం, అందుకే కోతుల్ని అక్కడ చెక్కారు. ఉన్నవి మూడు కావు, ఎనిమిది పలకల్లో పదహారు కోతులు, వరసగా చూస్తే ఒక జీవితం. మొదటి పలకలో తల్లి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బిడ్డ భవిష్యత్తులోకి చూస్తుంది. చివరి పలకలో కోతి కడుపుతో ఉంటుంది, మళ్ళీ మొదటికి. మనకు తెలిసిన మూడూ రెండో పలక, చిన్నతనంలో చెడు తలకెక్కనివ్వకు అని. ఇది చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను తెలుగులో అత్తయ్యకి చెబుతుంటే వెనక నిలబడ్డ ఇద్దరు ఇండోర్ వాళ్ళు ఏం చెబుతున్నారని హిందీలో అడిగి చెప్పించుకున్నారు. వాళ్ళూ 8,500 కట్టినవాళ్ళే.

తర్వాత చూరు కింద తొండాలున్న తలలు చూపించి "ఏనుగులు" అన్నాడు. అవి ఏనుగులు కావు, బకు. ఏనుగు తొండం, ఎద్దు తోక, పులి పంజా కలిపి చైనావాళ్ళు ఊహించిన జంతువు. జపాన్‌లో పీడకలల్ని తినేస్తుందని నమ్ముతారు. ఇనుము, రాగి కూడా తింటుందని చైనాలో పాత మాట. యుద్ధం ఉంటే ఇనుమంతా ఆయుధాలకే పోతుంది కాబట్టి బకు కడుపు నిండిందంటే దేశం శాంతంగా ఉన్నట్టు అని అర్థం చెబుతారు. యుద్ధాలు ఆపిన షోగున్ సమాధి దగ్గర అది ఉండటంలో ఎంత లెక్క ఉందో చూడండి. మెడ మీద ఉంగరాల జూలు కనిపిస్తే బకు, లేకపోతే ఏనుగు. గైడు లైసెన్సు అక్కర్లేదు, కళ్ళు చాలు.

గంటంబావు కూడా కాకముందే జెండా బయటికి తిరిగింది. ఎక్కడికంటే చెక్కబొమ్మల దుకాణానికి. నిద్రపోయే పిల్లి బొమ్మలు, 3,800 నుంచి మొదలు. అసలు పిల్లిని ఇంకా చూపించనే లేదు! మేం రామన్నాం. "టూరు అక్కడే ముగుస్తుంది, మీ ఇష్టం" అన్నాడు. ఇండోర్ వాళ్ళూ మాతోనే ఉండిపోయారు. ఆ రాత్రి కంపెనీకి ఫిర్యాదు రాశాను. టూరు పూర్తయినట్టు వాళ్ళ రికార్డులో ఉందట, వచ్చేసారికి పది శాతం తగ్గింపు కూపన్ పంపారు.

గైడు పోయాకే మందిరం బాగుంది, అది మాత్రం ఒప్పుకోవాలి. పైన వస్తువులు దాచే కొట్టు గది గోడ మీద రెండు ఏనుగులున్నాయి. వాటికి నమూనా గీసింది కనో తన్‌యూ, ఆ కాలంలో షోగున్ల ఆస్థాన చిత్రకారుడు. ఏనుగును చూడకుండా వర్ణనలు బట్టి గీశాడంటారు. మా అత్తయ్య తిరుమలలో గజరాజుల్ని చూస్తూ పెరిగిన మనిషి. కాసేపు కళ్ళద్దాలు సర్దుకుని చూసి "చెవులేంటే అలా ఉన్నాయి, ఆ తోకేంటి, మూడు పాయలు! ఎవరో చెబితే రాసుకుని గీసినట్టుంది" అంది. అచ్చంగా అదే జరిగింది అని చెబితే, పరీక్షలో ఫస్టు వచ్చినట్టు సంతోషపడింది. పిల్లి మాత్రం అరచేతులు రెండూ పట్టేంత. గుమ్మం పైన ఉంటుంది, తల ఎత్తకపోతే దాటిపోతారు. వెనక వైపు పిచ్చుకలు. పిల్లి పడుకుంటే పిచ్చుకలకి భయం లేదు, అదే ఇఎయాసు తెచ్చిన శాంతి అంటారు. అక్కడినుంచి సమాధికి 207 మెట్లు. అత్తయ్య కింద కూర్చుంది, మా ఆయన ఎక్కి దిగి ఫుజి అయితే కారు సగం దాకా వెళ్తుందట అన్నాడు.

నిక్కోలో యుబా తినండి. సోయా పాల మీద కట్టే మీగడ అది. మా భోజనం 1,900 యెన్‌లు. కానీ శాకాహారులు పులుసు సంగతి అడిగి తీరాలి, చేప లేని చారు అక్కడ అరుదు. అత్తయ్య అన్నం, యుబా, మనం తీసుకెళ్ళిన కందిపొడితో సరిపెట్టుకుంది.

క్యోటోలో మొదట నిజో కోట. లోపలి నినోమారు భవనంతో కలిపి 1,300 యెన్‌లు, పైసా వసూల్. షోగున్‌ని చూడటానికి వచ్చినవాళ్ళు కాచుకునే గదుల్లో బంగారు పూత గోడల మీద, వెదురు పొదల మధ్య పులులు, చిరుతలు. 1626లో చక్రవర్తి రాక కోసం భవనాన్ని తీర్చిదిద్దినప్పుడు తన్‌యూ బృందం వేసిన బొమ్మలు. గోడల మీదివి ఇప్పుడు చాలావరకు నకళ్ళు, అసలువి పక్కన గ్యాలరీలో మార్చి మార్చి పెడతారు. జపాన్‌లో పులి లేదు. చైనా, కొరియా చిత్రాలు, దిగుమతయిన తోళ్ళు, ఇంట్లో పిల్లి, ఇవే ఆధారం. చిరుతలంటే ఆడపులులు అనుకునేవారట, అందుకే ఒకే గుంపులో రెండూ ఉంటాయి. నాకు నచ్చింది ఆ గది ఉద్దేశం. నేల మీద కూర్చున్న మనిషి కళ్ళకి సరిగ్గా ఎదురుగా పులి ఉంటుంది. లోపల షోగున్ పిలిచేలోపు సగం ధైర్యం అక్కడే పోవాలి. మా ఆయన "మా ఆఫీసు హెచ్ఆర్ గది బయట ఇలాంటివి పెట్టాలి" అన్నాడు, ప్రయాణంలో మొదటిసారి నవ్వాడు.

డ్రాగన్లకి రెండు చోట్లకి వెళ్ళాం. చైనాలోనూ జపాన్‌లోనూ డ్రాగన్ అంటే మబ్బు, వాన, నీళ్ళు. నిప్పు అంటుకోకుండా కాస్తుందని చెక్క మందిరాల కప్పు మీద గీస్తారు. మ్యోషిన్‌జీ గుడిలో తన్‌యూ ఎనిమిదేళ్ళు పట్టి 1656లో పూర్తి చేసినది ఉంది. గది చుట్టూ తిరుగుతుంటే కన్ను మన వెంటే వస్తుంది, ఒక చోట కిందికి దిగుతున్నట్టు, ఇంకో చోట పైకి లేస్తున్నట్టు ఉంటుంది. అత్తయ్య మోకాళ్ళ సంగతి మరిచిపోయి రెండు చుట్లు తిరిగింది. కెన్నిన్‌జీలో జంట డ్రాగన్లు కొయిజుమి జున్‌సకు 2002లో వేసినవి. పెద్దవి, ఫొటో తీసుకోనిస్తారు, ఊరి మధ్యలో ఉంది. ఒక్కటే చూసే టైముంటే మ్యోషిన్‌జీకే వెళ్ళండి. ఫొటోల కోసమైతే రెండోది.

ఇక నేను అసలు రాయాలనుకున్నది యోగెన్-ఇన్ గురించి. సంజుసంగెన్‌దో అనే పేరున్న గుడికి జనం బస్సుల్లో వస్తారు, దానికి ఎదురుగా ఉన్న ఈ చిన్న గుడికి ఎవరూ రారు. మేం వెళ్ళినప్పుడు టికెట్ 600 యెన్‌లు, లోపల మాతో కలిపి ఆరుగురు. ఫొటోలు వద్దు. 1594లో అప్పటి జపాన్ పాలకుడి భార్యల్లో ఒకరైన యోదొ-దొనొ తన తండ్రి అజాయి నగమసా ఆత్మశాంతికి కట్టించింది. కాలిపోతే చెల్లెలు 1621లో మళ్ళీ కట్టించింది. దాని కప్పు ఫుషిమి కోట నేల చెక్కలతో వేశారు. 1600లో ఆ కోటను కాపాడలేక తొరీ మొతొతదా, అతని సైనికులు ప్రాణాలు తీసుకున్న నేల అది. నెత్తురు మరకలు ఇంకా ఉన్నాయంటారు. ఒక పెద్దావిడ పొడవాటి కర్రతో పైకి చూపిస్తూ ఇది చెయ్యి, ఇది మొహం అని చెబుతుంటే అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ కప్పు కింద, దేవదారు తలుపుల మీద, తవరయ సొతత్సు వేసిన తెల్ల ఏనుగులు. తలుపు రెక్కకి ఒకటి, అంచు నుంచి అంచుకి నిండుగా. మనకి తెలిసిన ఏనుగు పోలిక వెతికితే దొరకదు. లావాటి ఒంపు గీతలు వీపు నుంచి మొదలై తొండం దాకా ఆగకుండా పోతాయి, కళ్ళు సగం మూసి నవ్వుతున్నట్టుంటాయి. తెల్లరంగు పలచబడిన చోట చెక్క ఈనెలు కనిపిస్తాయి. అంత పెద్ద జంతువు బరువే లేనట్టు నిలబడింది. పక్క తలుపుల మీద సింహాలు, కిరిన్‌లు అనే ఊహా జంతువులు. తెల్ల ఏనుగు సమంతభద్రుడి వాహనం, సింహం మంజుశ్రీది, ఇద్దరూ బోధిసత్వులు. చనిపోయినవాళ్ళ కోసం కట్టిన గుడిలో వాటిని ఎందుకు వేశారో ఆవిడ చెబుతుంటే ఫోన్‌లో అనువాదం పెట్టుకుని విన్నాం. తొందర లేదు, జెండా లేదు. అత్తయ్యది గుంటూరు జిల్లా. అమరావతి శిల్పాల్లో బుద్ధుడి తల్లి మాయాదేవి కలలోకి దిగే ఏనుగు గురించి చెప్పమంది, నేను ఫోన్‌లో టైప్ చేశాను. ఆ పెద్దావిడ చదివి, తలుపు వైపు చూసి, రెండు చేతులూ జోడించింది. మన దగ్గర్నుంచి బౌద్ధంతో పాటు ఏనుగు బొమ్మ ఎప్పుడో వెళ్ళింది. నిజం ఏనుగు జపాన్‌లో దిగినట్టు మొదట రాసుకున్నది 1408లో. 1729లో వియత్నాం ఏనుగు ఒకటి నాగసాకి నుంచి ఎదో నగరం (ఇప్పటి టోక్యో) దాకా నడుచుకుంటూ వెళితే ఊళ్ళకి ఊళ్ళు చూడటానికి కదిలాయి. సొతత్సు అంతకు ముందు కాలంవాడు. అతని ఏనుగు ముందు తన్‌యూ ఏనుగు నాకు బడి పాఠంలా అనిపించింది.

ఫుషిమి ఇనారి ఉచితం, పొద్దున ఏడులోపు వెళ్ళండి. నక్కలు అక్కడ దేవుళ్ళు కావు, వరి దేవత దూతలు. నోట్లో తాళంచెవి ఉంటే అది ధాన్యపు కొట్టుది. వాటికి వేయించిన తోఫు ఇష్టమని దాంతో చేసిన అన్నం పొట్లాలు గుడి దారిలో అమ్ముతారు, మూడు 450 యెన్‌లు, తియ్యగా ఉంటాయి. కొసాన్‌జీ గుడికి మాత్రం కప్పలు, కుందేళ్ళు కుస్తీ పట్టే ప్రఖ్యాత చిత్రాల చుట్టల కోసమే అయితే వెళ్ళకండి. అసలువి టోక్యో, క్యోటో జాతీయ మ్యూజియాల్లో ఉన్నాయి, కొండ మీద ఉన్నది నకలు. బస్సులో గంట పడుతుంది. ఎర్ర ఆకుల కాలమైతే అడవి కోసం వెళ్ళొచ్చు.

నినోమారు భవనం జనవరి, జులై, ఆగస్టు, డిసెంబరు నెలల్లో మంగళవారాలు మూసేస్తారు, తేదీ చూసుకోండి. చాలా గుళ్ళలో లోపలికి వెళ్ళేటప్పుడు చెప్పులు విప్పాలి, చలికాలమైతే మందం సాక్సులు రెండు జతలు పెట్టుకోండి. కాఫీ విషయంలో అత్తయ్య తీర్పు: స్టేషన్ మెషిన్‌లో 130 యెన్‌ల డబ్బా కాఫీ, హోటల్లో 600 యెన్‌ల కాఫీ కంటే నయం.